మీ పాప అడిగిన ప్రశ్న చిన్నది కాదన్నా

కడప నుంచి ఒక నాన్న మెసేజ్ పెట్టినారు. పాప బైపీసీ సెకండ్ ఇయర్, నీట్ వద్దంట, స్టెమ్ సెల్స్ (చీలుతా వేరే రకం కణాల్ని పుట్టించే మూల కణాలు), ఎపిజెనెటిక్స్ (డీఎన్‌ఏ మారకుండానే ఏ జీన్ పని చెయ్యాలో తేల్చే గుర్తుల చదువు) చదువుతానని పట్టుబట్టింది, ఇదేం చదువు, రేపు కూడు పెడుతుందా అని అడిగినారు. పాప ఆయన్ని అడిగిందంట, "స్టెమ్ సెల్ రెండుగా చీలితే ఒకటి స్టెమ్ సెల్‌గానే ఉంటాది, ఇంకోటి వేరే కణమైపోతాది, రెండిట్లోనూ అదే డీఎన్‌ఏ కదా నాన్నా, మరి ఎట్లా?" అని.

అన్నా, దీని మీద పెద్ద పెద్ద ల్యాబుల్లో ఇప్పటికీ పని జరుగుతా ఉంది. సీనియర్ దగ్గర తెచ్చుకున్న టెక్స్ట్‌బుక్కులో ముఖ్యమైన లైన్ల కింద పెన్సిల్ గీతలుంటాయి చూడండి, డీఎన్‌ఏ మీద మిథైల్ అనే చిన్న రసాయన గుర్తులు అట్లాంటివే, ఏ జీన్ వాడాలో ఏది మూసెయ్యాలో కణానికి చెప్తాయి. కణం చీలే ముందు డీఎన్‌ఏ కాపీ అయినప్పుడు పాత పోగు మీద గుర్తులుంటాయి, కొత్త పోగు ఖాళీగా ఉంటాది, అప్పుడు యూహెచ్ఆర్ఎఫ్1 అనే ప్రోటీన్ ఒకపక్కే గుర్తున్న చోటు పట్టుకొని డీఎన్ఎంటీ1 అనే ఎంజైమ్‌ని రప్పిస్తాది, అది వచ్చి కొత్త పోగు మీద సరిగ్గా అక్కడే గుర్తు పెడతాది.

ఇట్లా గుర్తులు రెండు కణాలకీ పోతాయి, మరి తేడా ఎట్లా వస్తాదంటే, ఇంక హిస్టోన్లు చూడాల, అంటే మగ్గం కండెకి దారం చుట్టినట్టు డీఎన్‌ఏ చుట్టుకునే ప్రోటీన్లు, జీన్లని నడిపే గుర్తులు వీటి మీదా ఉంటాయి. 2012లో అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో షిన్ చెన్ గారి టీమ్ మగ పండు ఈగల వృషణాల్లోని స్టెమ్ సెల్స్‌లో పాత హెచ్3 హిస్టోన్‌కి ఒక రంగు, కొత్తదానికి ఇంకో రంగు వచ్చేట్టు చేసి చూసినారు. చీలినాక పాతది ఎక్కువగా స్టెమ్ సెల్‌లోనే ఉండిపోయింది, కొత్తది వీర్యకణాలుగా మారే దారి పట్టిన కణంలోకి పోయింది! పాప ప్రశ్నకి అదొక ముక్క జవాబు, అదీ ఈగల్లో, మన ఒంట్లో ప్రతి స్టెమ్ సెల్ ఇట్లే చేస్తాదని అనుకోకండి.

కూడు మాటకొస్తే, డిగ్రీతో ఆపితే కష్టమే, ఉన్నదున్నట్టు చెప్తున్నా. పీహెచ్‌డీ దాకా పదేళ్లు పైనే పడుతుంది, కానీ సీఎస్ఐఆర్ నెట్‌లో జేఆర్ఎఫ్ (ఆ జాతీయ పరీక్ష రాసి తెచ్చుకునే పరిశోధన ఫెలోషిప్) వస్తే నెలకి 37,000 స్టైపెండ్, అప్పట్నుంచి మీ మీద భారం ఉండదు. హైదరాబాద్ సీసీఎంబీ, బెంగళూరు ఇన్‌స్టెమ్ లాంటి చోట్ల ఇట్లాంటి పరిశోధనే చేస్తారు.

మొదటి మెట్టు మనకి దగ్గర్లోనే ఉంది, ఐసర్ తిరుపతి, సైన్స్ చదువుకీ పరిశోధనకీ కేంద్ర ప్రభుత్వ సంస్థ, 2015లో పెట్టినారు, డిగ్రీ పీజీ కలిపి ఐదేళ్ల బీఎస్ ఎమ్మెస్. చిక్కల్లా ఎంట్రన్స్‌లో, 60 ప్రశ్నల్లో 15 లెక్కలవే, పాప లెక్కలు వదిలేసి రెండేళ్లాయె. బైపీసీ పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. సీటు రాకపోతే భయపడాల్సిన పని లేదు, బీఎస్సీ చేసి జామ్ అనే ఎమ్మెస్సీ ఎంట్రన్స్ రాసి మంచి చోట ఎమ్మెస్సీలో చేరొచ్చు. ఈ వారమే ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో క్లాసు లెక్కల పుస్తకం కొనియ్యండి, సెట్స్ చాప్టర్ నుంచి రోజుకో గంట చెయ్యమనండి.