పాఠకుల ప్రశ్నలు: న్యూయార్క్ ‘291’ గ్యాలరీ, మన గోడలు

ప్రశ్న: న్యూయార్క్‌లో వందేళ్ల కిందట ‘291’ అనే గ్యాలరీ ఉండేదట. ఉన్నవి మూడు చిన్న గదులే కదా, ఇప్పటికీ ఎందుకంతగా చెప్పుకుంటారు? – చిత్రకళ విద్యార్థిని, కాకినాడ

జవాబు: ఎవరూ చూపనివాటిని అది ముందుగా చూపింది కాబట్టి. ఫొటో కూడా కళేనన్న పట్టుదలతో 1905 నవంబరులో ఫొటోగ్రాఫర్ అల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్, తోటి ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ స్టైకెన్‌తో కలిసి దాన్ని తెరిచారు. 1908 జనవరిలో ఫ్రెంచి శిల్పి రోడాన్ డ్రాయింగులు 58 గోడలెక్కాయి. ఏప్రిల్‌లో ఫ్రెంచి చిత్రకారుడు మాటిస్ వంతు; అమెరికాలో ఆయనకు అదే తొలి ప్రదర్శన. 1911లో పికాసో బొమ్మలు 83 పెడితే ఒక్కటే అమ్ముడుపోయింది, అదీ 12 డాలర్లకు! అయినా స్టీగ్లిట్జ్ వెనక్కి తగ్గలేదు. 1914లో బ్రాంకూసీ శిల్పాలు పెట్టారు. అదే ఏడాది ఆఫ్రికా చెక్క శిల్పాలను వింత వస్తువులుగా కాక కళగా నిలబెట్టారు. 1917లో అమెరికా చిత్రకారిణి జార్జియా ఓకీఫ్ ప్రదర్శనతో గ్యాలరీ మూతపడింది.

స్టీగ్లిట్జ్‌కు మన కళాచరిత్రకారుడు ఆనంద కుమారస్వామితోనూ ముడి ఉంది. 1924లో బోస్టన్ మ్యూజియం స్టీగ్లిట్జ్ ఫొటోలు 27 తన సేకరణలోకి తీసుకుందంటే, అందుకు పూనుకున్నది అక్కడ పనిచేస్తున్న కుమారస్వామే.

ప్రశ్న: ‘291’ అంటే? – వరంగల్

జవాబు: ఫిఫ్త్ ఎవెన్యూలో భవనం నంబరు. 1908లో అద్దె పెరిగి పక్కనున్న 293కి మారినా పాత నంబరే పేరుగా మిగిలింది.

ప్రశ్న: ఆ గోడలకు గోనెపట్ట కట్టారని చదివాం. మా గ్రంథాలయంలో 12 అడుగుల గది ఇచ్చారు. కాగితం మీది బొమ్మలు ఎలా పెట్టాలి? – తెనాలి

జవాబు: నిజమే. ఒక గదిలో ఆలివ్ బూడిదరంగు గోనెపట్ట, దానికంటే ముదురు చెక్కపని. తెల్ల ఫ్రేముల బొమ్మలకని కేటాయించిన చిన్న గదిలో చలువచేసిన గోనెపట్ట, తెల్ల చెక్కపని. గోడ బొమ్మతో పోటీపడకూడదన్నదే స్టైకెన్ ఆలోచన. మీకు గోనె అక్కర్లేదు, మెరుపులేని లేత బూడిదరంగు చాలు.

బొమ్మ నడిమధ్య నేల నుంచి 57 అంగుళాల ఎత్తులో ఉండాలి. మేకు కొలత ఇలా: ఫ్రేము ఎత్తు 20 అంగుళాలైతే అందులో సగం 10. వెనక తీగ మేకుకు తగిలించి లాగినప్పుడు ఫ్రేము పై అంచుకు 3 అంగుళాలు కిందకు వస్తుందనుకోండి. 57+10−3, అంటే 64 అంగుళాల దగ్గర మేకు. తీగను లాగి కొలవకపోతే వరుస మొత్తం వంకరపోతుంది.

కాగితాన్ని నాలుగువైపులా అంటించొద్దు. తేమకు అది సాగుతుంది, సాగే చోటు లేక అలలు తేలుతుంది. పై అంచున మాత్రం జపాన్ కాగితపు పట్టీలు రెండు, గోధుమ గంజి జిగురుతో. సెల్లోటేపు వాడితే జిగురు ఊరి పసుపు మరక దిగుతుంది, అది ఇక పోదు. అద్దం కాగితానికి తగలకుండా మధ్యలో ఆమ్లం లేని అట్టతో కోసిన మౌంటు (బొమ్మ చుట్టూ కిటికీలా ఉండే అట్ట) ఉండాలి. వర్షాకాలమైతే ఫ్రేము వెనక కింది మూలల్లో బెండు ముక్కలు అంటించండి, గోడకూ ఫ్రేముకూ మధ్య గాలి ఆడుతుంది.