మందు కొట్టినా పురుగు చావదేం?

ప్రశ్న: మా బోరు నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత; 7 దాటితే క్షారం) 8.5. వంగపై పేనుబంకకు మలాథియాన్ 50 శాతం ఈసీని (ద్రావకంలో కరిగించి ఉండే, నీళ్లలో కలిపే ద్రవ మందు) లీటరుకు 2 మి.లీ. కలిపి, పొద్దుపోయిందని మర్నాడు కొట్టాం. పురుగు పోలేదు. మందు నకిలీదా?

జవాబు: ముందు నీటినే అనుమానించండి. మలాథియాన్ క్షార నీటిలో విచ్ఛిన్నమై పనికిరాకుండా పోతుంది. పీహెచ్ ఒక్క అంకె పెరిగితే ఈ వేగం ఇంచుమించు పది రెట్లవుతుంది. రాత్రంతా ట్యాంకులో ఉంచడమే పెద్ద పొరపాటు. తెగుళ్లకు కొట్టే బోర్డో మిశ్రమంలోని సున్నం కూడా ఇదే పని చేస్తుంది, మలాథియాన్‌ను దానితో కలపకండి.

15 లీటర్ల నీటిలో నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) 2 గ్రాముల చొప్పున కరిగిస్తూ పీహెచ్ పేపరుతో చూడండి. 6 దగ్గరికి రాగానే ఆపి, 30 మి.లీ. మందు కలిపి వెంటనే కొట్టేయండి. మోతాదు మాత్రం పెంచొద్దు.

ప్రశ్న: ఒంటిమీద ఒలికితే?

జవాబు: నరాల సంకేతాన్ని ఆపే ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమును ఇది కట్టిపడేస్తుంది. పురుగు చచ్చేదీ, మనిషికి చెమట, చొంగ, మసక చూపు, ఆయాసం వచ్చేదీ అందుకే. తడిసిన బట్టలు విప్పి సబ్బునీళ్లతో బాగా కడగాలి. మింగితే వాంతి చేయించకూడదు, ఈసీలోని ద్రావకం ఊపిరితిత్తుల్లోకి పోతుంది. డబ్బా లేబుల్‌తో ఆసుపత్రికి పరుగెత్తండి. అక్కడ ఇచ్చే అట్రోపిన్ ప్రాణం నిలుపుతుంది, ఆలస్యం చేయకండి.