'హ్వాషాన్ పర్వతం' పునరుక్తి అవుతుందా?

సందేహం: చైనాలోని షాన్‌షీ రాష్ట్రపు పర్వతాల గురించి వ్యాసం రాస్తూ 'హ్వాషాన్ పర్వతం', 'క్విన్‌లింగ్ పర్వతశ్రేణులు' అని వాడాను. చైనా భాషలో 'షాన్' అంటేనే పర్వతం కాబట్టి మొదటిది పునరుక్తి దోషమనీ, 'హ్వా పర్వతం' అనాలనీ ఒక మిత్రుడు అన్నారు. ఏది సరైనది?

సమాధానం: మీ మిత్రుడు చెప్పిన అర్థం నిజమే గానీ, దాన్నిబట్టి దోషమనడం సరికాదు. 'అచలం' అంటే కొండే అయినా శేషాచలం కొండలు, సింహాచలం కొండ అని అందరం అంటున్నాం. నల్లమలలో 'మల' కొండే, అయినా నల్లమల కొండలంటాం. యాదగిరిగుట్టలో గిరీ గుట్టా పక్కపక్కనే ఉన్నాయి. ఒక మాట సంజ్ఞానామంలో కలిసిపోయాక దాని జాతివాచకార్థం వెనక్కి తగ్గుతుంది కనుక, వినేవారికోసం మరో జాతివాచకాన్ని చేర్చడం మన భాషకు సహజమే. సంస్కృత తెలుగు పదాల విషయంలోనే ఇంత వెసులుబాటు ఉండగా, 'షాన్' అర్థం తెలియని తెలుగు పాఠకుడికి 'పర్వతం' అన్న మాట అనవసరమని ఎలా అనగలం?

అంతకంటే ముఖ్యమైన కారణం మరొకటి ఉంది. 'షాన్' అనే మాట ఒంటి కొండకూ, వరుసకూ, శిఖరానికీ కూడా చెల్లుతుంది. హ్వాషాన్ అయిదు శిఖరాలున్న ఒక గ్రానైట్ పర్వతం. దాని దక్షిణ శిఖరం సుమారు 2,155 మీటర్లు. తైబాయ్‌షాన్ చిన్‌లింగ్ (మీరు రాసిన 'క్విన్‌లింగ్') శ్రేణిలో అన్నిటికన్నా ఎత్తయినది, 3,700 మీటర్లు దాటుతుంది. దాబాషాన్ అయితే రాష్ట్రపు దక్షిణపుటంచున, సిచువాన్ వైపు సాగే పర్వతశ్రేణి. మూడింటి చివరా ఉన్నది 'షాన్' ఒక్కటే కాబట్టి, పర్వతమో శ్రేణో మనం చేర్చే తెలుగు మాటే పాఠకుడికి చెప్పాలి. 'హ్వా పర్వతం' తప్పు కాదు. అయితే పటంలో వెతుక్కునేవారికి పూర్తి పేరే అక్కరకొస్తుంది కనుక నా మొగ్గు 'హ్వాషాన్ పర్వతం' వైపే.

మీరు అడగకపోయినా దిద్దవలసినది 'క్విన్‌లింగ్'. చైనా 1958లో ఆమోదించిన పిన్‌యిన్ రోమన్ లేఖన పద్ధతిలో క్యూ అక్షరం 'క్వ' ధ్వనికి గుర్తు కాదు, చకారానికి దగ్గరి ధ్వనికి గుర్తు. ఇకారానికి ముందు మన చకారం తాలవ్యంగానే ('చిలుక'లోని 'చి'లాగా) పలుకుతుంది కాబట్టి 'చిన్‌లింగ్' అని హాయిగా రాయవచ్చు. క్రీ.పూ. 221లో చైనాను ఏకం చేసిన చిన్ వంశం పేరులోనూ ఇదే 'చిన్' ఉంది. పర్వతాన్ని 'క్విన్' అనీ వంశాన్ని 'చిన్' అనీ రాస్తే ఈ సంబంధం పాఠకుడి కంటపడదు. ఎక్స్ అక్షరం కూడా ఇలాంటిదే. దాన్ని ఇంగ్లీషులో లాగా చదవడం వల్లనే 'షాంక్సీ' అనే రూపం వచ్చింది, అది మానాలి.

రాష్ట్రం పేరులోని 'షాన్' మాత్రం కొండ కాదు, అది వేరే అక్షరం. పొరుగునున్న షన్‌షీ పేరులోనిదే కొండ, ఆ పేరుకు 'కొండలకు పడమర' అని అర్థం. చైనా భాషలో ఈ రెండు పేర్లకూ పలికే స్వరస్థాయిలోనే (గొంతు ఎత్తుపల్లాల్లోనే) తేడా. రోమన్ లిపిలో ఒకదానికి 'ఎ' రెండుసార్లు రాసి వేరు చేస్తారు. మనం దీర్ఘంతో 'షాన్‌షీ', హ్రస్వంతో 'షన్‌షీ' అని రాసుకుంటే గందరగోళం ఉండదు. ఉచ్చారణలో అంత దీర్ఘభేదం లేకపోయినా, రాతలో ఈ ఏర్పాటు అవసరమే.

ఇక 'శ్రేణులు' సంగతి. శ్రేణి అంటేనే వరుస. చిన్‌లింగ్‌ను ఒకే వరుసగా చెబుతున్నప్పుడు ఏకవచనం చాలు, దాబాషాన్‌నూ కలిపి చెబితే బహువచనం కావాలి. కాబట్టి మీ వాక్యం ఇలా ఉండవచ్చు: "పసుపునది, యాంగ్‌ట్సీ నదుల పరీవాహక ప్రాంతాలను వేరుచేస్తూ షాన్‌షీ రాష్ట్రంలో తూర్పుపడమరలుగా సాగే చిన్‌లింగ్ పర్వతశ్రేణిలో, తూర్పు భాగాన హ్వాషాన్ పర్వతం ఉంది."