నెలకు 28 డాలర్లే కదా అనుకోవద్దు చెల్లీ

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది నరసరావుపేట. ఆగస్టులో డాలస్ దగ్గర ఎమ్మెస్‌లో చేరుతున్నాను. లాప్‌టాప్, ఫోన్ ఇక్కడే కొనుక్కుని వెళ్లమని నాన్న అంటున్నారు. అక్కడైతే ఐఫోన్ ఫ్రీగా ఇస్తారని, మిగతావి నెలనెలా కొంచెం కొంచెం కట్టుకోవచ్చని సీనియర్లు చెబుతున్నారు. ఏది మంచిది? అమ్మ మిక్సీ కూడా పెడతానంటోంది.

జవాబు: చెల్లీ, ముందు సూటిగా చెప్పేస్తాను. ఇప్పుడు నీ చేతిలో ఉన్న ఫోన్‌తోనే విమానం ఎక్కు. ఇక్కడ అమెరికాలో దిగాక ప్రీపెయిడ్ సిమ్ వేసుకో. లాప్‌టాప్ ఉంటే అదే తెచ్చుకో, లేకపోతే వచ్చాక స్టూడెంట్ ధరకు కొనుక్కో. మిక్సీ వద్దు. మొదటి ఏడాది ఏ వస్తువూ వాయిదాల మీద కొనొద్దు. వీసా రూల్స్, కస్టమ్స్ రూల్స్ నువ్వే సైట్లలో చూసుకోగలవు, వాటి జోలికి నేను వెళ్లను. నేను చెప్పేది డబ్బు సంగతి. అది ఏ సైట్‌లోనూ సరిగ్గా రాయరు.

నేను 2009లో తెనాలి నుంచి టెక్సస్ వచ్చాను. బ్యాంకు లోను, దానికి నాన్న పెట్టిన హామీ, అమ్మ గాజులు అమ్మి కొన్న టికెట్. వచ్చిన వారంలోనే మాల్‌లో ఒక ఫోన్ కౌంటర్ దగ్గర ఆగాను. ఫోన్ ఫ్రీ అన్నారు. రెండేళ్ల కాంట్రాక్టు మీద సంతకం పెట్టమన్నారు, పెట్టాను. ఎస్‌ఎస్‌ఎన్ (ఇక్కడి సోషల్ సెక్యూరిటీ నంబరు) లేదని డిపాజిట్ కూడా కట్టించుకున్నారు. ఆ రోజుల్లో ఇక్కడ మనం చేసే కాల్‌కే కాదు, మనకు వచ్చే కాల్‌కు కూడా నిమిషాలు తగ్గిపోయేవి. రాత్రి తొమ్మిది దాటాక, శని ఆదివారాల్లో మాత్రమే ఫ్రీ. ఇన్‌కమింగ్ ఫ్రీకి అలవాటుపడి వచ్చిన నాకు ఈ లెక్క ఎవరూ చెప్పలేదు, కాగితంలో ఉన్నది నేను చదవలేదు. పగటిపూట ఫ్రెండ్స్ ఫోన్ చేస్తే గంటలు గంటలు మాట్లాడాను. మొదటి బిల్లు చూసి చేతులు వణికాయి. మానేస్తానంటే, కాంట్రాక్టు మధ్యలో వదిలినందుకు 175 డాలర్లు కట్టమన్నారు. అప్పట్లో డాలరు 48 రూపాయల దగ్గర ఉండేది. ఎనిమిది వేల పైచిలుకు! మానలేక రెండేళ్లూ కట్టాను.

ఇప్పుడు ఆ కాంట్రాక్టులు లేవు కదా అంటావు. పేరు మారిందమ్మా, అంతే. ఇప్పుడు చాలా కంపెనీలు ఫోన్ ధరను 36 నెలలకు పంచుతున్నాయి. 999 డాలర్ల ఫోన్ అయితే నెలకు 28 డాలర్లు. ఫ్రీ అన్నప్పుడు జరిగేది ఏమిటంటే, ఆ 28 డాలర్లు బిల్లులో వేసి, అదే బిల్లులో అంత మొత్తం క్రెడిట్, అంటే తగ్గింపు, ఇస్తారు. ఆ క్రెడిట్ రావాలంటే మామూలుగా ఖరీదైన ప్లాన్‌లో ఉండాలి, చాలాసార్లు పాత ఫోన్ కూడా ఇచ్చేయాలి. మధ్యలో కంపెనీ మారితే క్రెడిట్ ఆగిపోతుంది, మిగిలిన బాకీ అంతా ఒక్కసారిగా నీ మీద పడుతుంది. పైగా కొనే రోజే మొత్తం ధర మీద సేల్స్ ట్యాక్స్ కట్టించుకుంటారు. బాకీ తీరేదాకా చాలా కంపెనీలు ఫోన్‌ను లాక్‌లోనే ఉంచుతాయి కాబట్టి, సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అందులో ఇండియా సిమ్ పనిచేయదు. నీ ఎమ్మెస్ రెండేళ్లు. ఆ ఫోన్ వాయిదాలు మూడేళ్లు. చదువు అయ్యాక ఏ ఊళ్లో ఉంటావో తెలియని రోజుల్లో కూడా అది నీ వెంట నడుస్తుంది. సీనియర్లు ఇవన్నీ చెప్పారా? వాళ్లు చెడ్డవాళ్లని కాదు, వాళ్ల మూడో ఏడాది ఇంకా రాలేదు.

నేను నా దగ్గరికి వచ్చే పిల్లలందరికీ ఒకటే లెక్క చెబుతాను. రూపాయల్లో లెక్కేస్తే భయమేసి తిండి కూడా మానేస్తారు, డాలర్లలో లెక్కేస్తే అంతా చవగ్గా కనిపిస్తుంది. అందుకని గంటల్లో లెక్కపెట్టు. క్యాంపస్‌లో ఉద్యోగం దొరికితే సెమిస్టర్ నడిచేటప్పుడు వారానికి 20 గంటలకు మించి చేయనివ్వరు. గంటకు పది డాలర్లు అనుకో. 999 డాలర్ల ఫోన్‌కు డాలస్‌లో 8.25 శాతం ట్యాక్స్ కలిపితే 1,081 అవుతుంది. అంటే 108 గంటలు. ఐదు వారాలకు పైగా లైబ్రరీ కౌంటర్‌లోనో డైనింగ్ హాల్లోనో నిలబడితే ఒక ఫోన్. ఈ లెక్క వేశాక కూడా కొనాలనిపిస్తే కొనుక్కో, నేను అడ్డుపడను. ఉద్యోగం వెంటనే దొరుకుతుందన్న గ్యారంటీ లేదని మాత్రం గుర్తుపెట్టుకో.

దీనికంటే పెద్ద దెబ్బ నాకు రెండో ఏడాదిలో తగిలింది. అప్పటికి ఎస్‌ఎస్‌ఎన్ వచ్చింది, ప్రొఫెసర్‌కు పేపర్లు దిద్దే గ్రేడర్ పని దొరికింది, అన్నీ తెలుసన్న ధైర్యం కూడా వచ్చింది. పాత లాప్‌టాప్ చచ్చిపోతే ఒక ఎలక్ట్రానిక్స్ షాపులో కొత్తది చూశాను. ఆ షాపు కార్డు తీసుకుంటే పన్నెండు నెలలు వడ్డీ లేదన్నారు. నెలనెలా బిల్లులో కనీసం ఎంత కట్టమంటే అంతా తేదీ తప్పకుండా కట్టాను. ఇండియాలో ఈఎంఐ అంటే ప్రతి నెలా అడిగినంత కడితే చివరికి అప్పు తీరిపోతుంది కదా. ఇక్కడా అంతే అనుకున్నాను. కాదు! కనీస మొత్తం కడుతూ పోతే పన్నెండు నెలలకు అప్పు తీరదు. గడువు రోజుకు ఒక్క డాలరు మిగిలినా, కొన్న మొదటి రోజు నుంచి వడ్డీ లెక్కగట్టి ఒకేసారి వేస్తారు. నాకు దాదాపు 150 డాలర్ల వడ్డీ పడింది. ఫోన్ చేసి బతిమాలాను, ఏడ్చాను. అగ్రిమెంట్‌లో ఉందన్నారు. నిజంగానే ఉంది. ఆ నెల అద్దెకు రూమ్మేట్ దగ్గర చేబదులు తీసుకున్నాను. ఇంట్లో ఈ విషయం ఇప్పటికీ తెలియదు. షాపు కార్డులు ఇప్పటికీ ఇలాగే ఇస్తున్నారు. కాబట్టి వడ్డీ లేదు అని ఎవరైనా అంటే, గడువులోగా తీరకపోతే ఏం చేస్తారు అని అడిగి, రాసి ఉన్నది చదువు.

ఇక నీ లాప్‌టాప్. నాన్నగారు ఇప్పుడే లక్ష రూపాయలు పెట్టి కొంటానంటే ఆపు. ముందు మీ డిపార్ట్‌మెంట్ వాళ్లకు మెయిల్ పెట్టి, కోర్సుకు ఎలాంటిది కావాలో అడుగు. కంప్యూటర్ సైన్స్ అనగానే పెద్ద గ్రాఫిక్స్ కార్డు ఉన్న గేమింగ్ లాప్‌టాప్ మోసుకొచ్చే పిల్లల్ని చూస్తున్నాను. బరువు, అడాప్టరే ఒక ఇటుకంత, బ్యాటరీ రెండు క్లాసులకు రాదు. పెద్ద ఏఐ మోడల్స్ నడపడానికి యూనివర్సిటీ సర్వర్లు ఉంటాయి, బ్రౌజర్‌లోనే ప్రోగ్రాములు నడుపుకునే గూగుల్ కోలాబ్ ఉంది. మెమరీ 16 జీబీ ఉంటే నీకు చాలు. 2025 మార్చిలో వచ్చిన ఎం4 మ్యాక్‌బుక్ ఎయిర్ మామూలు ధర 999 అయితే స్టూడెంట్లకు 899 పెట్టారు. ట్యాక్స్ కలిపితే 973. ఇక్కడ షాపులో రాసి ఉన్న ధరలో ట్యాక్స్ కలపరు, కౌంటర్ దగ్గర కలుపుతారు. అది మర్చిపోతే బడ్జెట్ ప్రతిసారీ తప్పుతుంది. కంపెనీ వాళ్లే బాగుచేసి వారంటీ ఇచ్చి అమ్మే రీఫర్బిష్డ్ వస్తువులు ఇంకా చవక. వాటికి నామోషీ పడకు. వాటితో చదివినవాళ్లు నాకు ఎంతోమంది తెలుసు, వాళ్లెవరికీ అందువల్ల ఉద్యోగం ఆగలేదు. కౌంటర్లో బలవంతంగా అంటగట్టే అదనపు వారంటీ ప్లాన్ మాత్రం వద్దను.

అన్నయ్య వాడిన పాత విండోస్ లాప్‌టాప్ ఉందంటే, అందులో విండోస్ 11 అధికారికంగా నడుస్తుందా చూడు. విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్ లేదా ఆ తర్వాతది అయి ఉండాలి. సరిపోతే హాయిగా తెచ్చుకో. చార్జర్ మీద 100–240 వోల్టులు అని ఉంటుంది, ఇక్కడి ప్లగ్ ఉన్న వైరు మార్చుకుంటే పనైపోతుంది. ఇండియాలో కొన్నవాటికి వారంటీ ఇక్కడ నడవని మోడల్స్ చాలా ఉన్నాయి. కొత్తది అక్కడ కొనొద్దనడానికి అదొక కారణం.

ఇంటర్నెట్ గురించి నువ్వు అడగలేదు, అయినా చెప్పాలి. నలుగురు ఒక అపార్ట్‌మెంట్ తీసుకుంటారు, ఎవరో ఒకరి పేరు మీద కనెక్షన్ ఉండాలి. అప్పుడు ఆ ఒకరు నేనయ్యాను. చదువయ్యాక అందరం తలా ఒక ఊరికి వెళ్లాం. కనెక్షన్ తీయించాను గానీ, ఇంటర్నెట్ కంపెనీ వాళ్ల మోడెమ్ తిరిగి ఇవ్వాలన్న సంగతి ఎవరికీ తట్టలేదు. అది ఆ ఇంట్లోనే ఉండిపోయింది. దాని డబ్బు బిల్లుగా వేశారు, ఆ బిల్లు పాత అడ్రసుకు వెళ్లింది, చివరికి వసూలు ఏజెన్సీ చేతికి పోయింది. నాకు తెలిసింది ఎప్పుడంటే, కారు లోనుకు వెళ్లినప్పుడు క్రెడిట్ స్కోరు పడిపోయి వడ్డీ ఎక్కువ అడిగారు. మోడెమ్ తిరిగి ఇచ్చేటప్పుడు రసీదు తీసుకుని ఫొటో తీసి పెట్టుకో. నెలనెలా అద్దె లేకుండా సొంత మోడెమ్ కొనుక్కోవచ్చేమో కూడా కనుక్కో. మొదటి ఏడాది తగ్గింపు ధర అయితే అది అయిపోయే నెల క్యాలెండర్‌లో పెట్టుకో. ఫ్రీ ట్రయల్స్ కూడా అంతే, మొదలుపెట్టిన రోజే క్యాన్సిల్ చేయాల్సిన తేదీ రాసుకో. ఐదు డాలర్లు, ఎనిమిది డాలర్లు, పన్నెండు డాలర్లు అని అకౌంట్‌లోంచి తమంతట తాము పోయేవే నన్ను ఎక్కువ భయపెడతాయి. బ్యాంకు యాప్‌లో నెలకోసారి కూర్చుని ఒక్కొక్క లైనూ చదువు. ఇన్నేళ్ల తర్వాత, సొంత ఇల్లు కొనుక్కున్నాక కూడా, నేను ప్రతి నెలా మొదటి ఆదివారం ఈ పని చేస్తాను. ఆ ఇల్లు కొనగలిగింది కూడా ఈ అలవాటు వల్లే.

నీ పాత ఫోన్ తెచ్చుకోమన్నదానికి ఇంకో గట్టి కారణం ఉంది. ఇండియాలో అమ్మే ఫోన్లలో చాలావాటికి రెండు సిమ్‌లు పడతాయి. ఒకదాంట్లో ఇండియా సిమ్ ఉంచితే బ్యాంకు ఓటీపీలు వస్తాయి. 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మే ఐఫోన్లకు అసలు సిమ్ ట్రే లేదు, ఫోన్ లోపలే ఉండే ఈసిమ్ ఒక్కటే. మోజుపడి కొన్నాక ఇండియా సిమ్ ఎక్కడ పెట్టాలో తెలియక, ఎడ్యుకేషన్ లోను అకౌంట్‌లోకి లాగిన్ కాలేక ఏడ్చిన పిల్లలు నాకు ఫోన్లు చేశారు. నాన్నకు ఇక్కడి నుంచి ఐఫోన్ పంపినా ఇదే గొడవ, ముందు జియో వాళ్ల దగ్గరో ఎయిర్‌టెల్ వాళ్ల దగ్గరో ఆయన నంబరును ఈసిమ్‌గా మార్పించాలి. వాట్సాప్ మాత్రం ఇండియా నంబరుతోనే నడుస్తుంది, మార్చక్కర్లేదు.

ఇక్కడి సిమ్ కొనే ముందు ఆ కంపెనీ సైట్‌లో నీ ఫోన్ ఐఎంఈఐ నంబరు (ప్రతి ఫోన్‌కూ విడిగా ఉండే గుర్తింపు నంబరు) కొట్టి పనిచేస్తుందో లేదో చూడు. ఏటీ అండ్ టీ 2022 ఫిబ్రవరిలో 3జీ ఆపేసిన తర్వాత, ఇండియా నుంచి తెచ్చిన కొన్ని మోడల్స్ దాని నెట్‌వర్క్‌లో పనిచేయడం లేదు. ప్రీపెయిడ్‌కు ఎస్‌ఎస్‌ఎన్ అడగరు, నెలకు 15 నుంచి 30 డాలర్లలో ఒక్కరికి సరిపోయే ప్లాన్లు ఉన్నాయి.

అమ్మ మిక్సీ 230 వోల్టులది, ఇక్కడ కరెంటు 120. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి తిప్పాలంటే దాని ధర, బరువు కలిపి చూసుకో. 110 వోల్టుల మన మిక్సీలు ఇక్కడి ఇండియన్ స్టోర్లలో దొరుకుతాయి, నలుగురు కలిసి ఒకటి కొనుక్కోండి. ఆ బరువులో అమ్మను కారప్పొడి, ఆవకాయ పెట్టమను.

బయలుదేరే ముందు ఇండియా సిమ్‌కు ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించుకో, ఇక్కడికి వచ్చాక చేయించడం చాలా తలనొప్పి. రోమింగ్‌లో ఎస్సెమ్మెస్ రావడానికి డబ్బు పడదు. ఆ సిమ్ మీద వచ్చే కాల్స్ మాత్రం ఎత్తకు, దాని డేటా ఆఫ్‌లో పెట్టు. రీచార్జి గడువు తేదీ నాన్నగారి ఫోన్‌లో రిమైండర్ పెట్టించి రా.