టెంటు ఎవరి నేల మీద వేశారో అడగండి

ప్రశ్న: ఏప్రిల్ చివర్లో మా ఆఫీసువాళ్లం పదిమందిమి అనంతగిరి, అరకు వైపు రెండు రోజుల ట్రెక్‌కి వెళ్దామనుకుంటున్నాం. ఆన్‌లైన్‌లో ప్యాకేజీలు బోలెడున్నాయి. మా డబ్బు గిరిజనులకు చేరాలి, అడవికి చెరుపు జరగకూడదు. ఎలా ఎంచుకోవాలి?
– ఒక పాఠకుడు, మధురవాడ

జవాబు: రేటు కంటే ముందు క్యాంపు స్థలం ఎవరిదో అడగండి. అనంతగిరి, అరకు, పాడేరు ఐదో షెడ్యూలు ప్రాంతాలు, అంటే గిరిజనుల రక్షణ కోసం రాజ్యాంగం ప్రత్యేకంగా చూసేవి. 1959 నాటి భూబదలాయింపు నిబంధనను 1970లో సవరించారు. ఏజెన్సీలో అందరూ ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అనేది దాన్నే. దాని ప్రకారం అక్కడి భూమిని గిరిజనేతరులకు అమ్మడమే కాదు, లీజుకివ్వడమూ చెల్లదు. బొర్రా ప్రాంతంలోని గనుల లీజులపై సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో, ఈ కట్టుబాటు ప్రభుత్వానికీ వర్తిస్తుందని 1997లో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి పట్నం వ్యాపారి ‘మా స్థలమే’ అంటే అక్కడే ఆగండి. కాగితం మీద గిరిజనుడి పేరుండి, ఆ మనిషి అక్కడ గిన్నెలు కడుగుతూ కనిపిస్తే అదీ మనకొద్దు.

తర్వాత గైడుది ఏ ఊరు, రోజుకు అతనికి ఎంత ఇస్తారు, వంట ఎవరింట్లో, రిజర్వు ఫారెస్టులో నడవడానికి అటవీశాఖ అనుమతి ఉందా అని అడగండి. సూటిగా చెప్పలేనివాళ్లని వదిలేయండి. ‘జంతువులు గ్యారంటీగా కనిపిస్తాయి’ అనేవాళ్లని, రాత్రిపూట ఫోకస్ లైట్లతో తిప్పుతామనేవాళ్లని అసలు నమ్మొద్దు.

పదిమందికి ఊరి గైడులు ఇద్దరు కావాలి, ముందొకరు, వెనకొకరు. కూలి ముందే మాట్లాడుకుని వాళ్ల చేతికే ఇవ్వండి. భోజనం చెప్పేది ఒక రోజు ముందు చెప్పండి. వారపు సంత మీద ఆధారపడే ఇంటికి పదిమంది ఒక్కసారిగా వచ్చిపడితే సరుకులుండవు. థర్మాకోల్ ప్లేట్లు తీసుకెళ్లకండి, అడ్డాకు విస్తళ్లు అక్కడే కొనండి. ఆ ఆకు కోసి కుట్టడం చాలా ఇళ్లకు ఆదాయం. తిన్నాక అవి మట్టిలో కలిసిపోతాయి. మనిషికి రోజుకు 3 లీటర్ల చొప్పున రెండు రోజులకు 60 లీటర్ల నీళ్లు కావాలి. 20 లీటర్ల క్యాన్లు మూడు బండిలో పెట్టుకుని, సొంత సీసాల్లో నింపుకోండి. లేకపోతే 60 ఖాళీ లీటరు సీసాలు కొండ మీద మిగులుతాయి. గెడ్డలో (కొండవాగులో) సబ్బు, షాంపూ వాడకండి. కింద ఊళ్లవాళ్లు తాగేది ఆ నీళ్లే.

ఏప్రిల్, మే నెలలు గిరినాగు (కింగ్ కోబ్రా) గుడ్లు పెట్టే కాలం. మన తూర్పు కనుమల్లో అది ఉంది. వెదురు పొదల దగ్గర మోకాలెత్తున ఎండాకు కుప్ప ఒకటి, ఎవరో చీపురుతో ఊడ్చి పోగేసినట్టు కనిపిస్తుంది. పోగేసింది ఆడపామే. లోపల గుడ్లు, పైన చుట్టచుట్టుకుని తల్లి. కర్రతో కదపకండి, ఫొటో కోసం దగ్గరికి పోకండి, వచ్చిన దారినే వెనక్కి రండి. మన ఆసుపత్రుల్లో దొరికే యాంటీవీనమ్ నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పొడపాముల విషానికే తయారుచేసింది, గిరినాగు విషానికి కాదు. ఏ పాము కరిచినా కోయకండి, గట్టిగా కట్టు కట్టకండి. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఈ ఎండాకు కాలంలో చలిమంట ముచ్చట మానుకోండి, ఒక్క నిప్పురవ్వ చాలు. స్పీకర్లు ఇంట్లోనే వదిలిరండి. ఏజెన్సీలో మలేరియా ఉంది గనక సాయంత్రం నుంచి నిండు చేతుల చొక్కా వేసుకోండి, దోమతెర కింద పడుకోండి. తిరిగొచ్చిన నెలలోపు జ్వరం వస్తే ‘అరకు వెళ్లొచ్చాం’ అని డాక్టరుకు చెప్పి రక్తపరీక్ష చేయించుకోండి.

ప్రశ్న: అక్కడి పిల్లలకు చాక్లెట్లు పట్టుకెళ్లొచ్చా?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: వద్దమ్మా. బండి కనిపిస్తే చెయ్యి చాచడం అలవాటవుతుంది. ఇవ్వాలనుంటే నోటుపుస్తకాలు బడిలో పంతులుగారికి ఇవ్వండి. సంతలో పసుపు, మిరియాలు, రాజ్‌మా బేరమాడకుండా కొనండి. తేనె, కాఫీపొడి గిరిజన సహకార సంస్థ దుకాణాల్లో దొరుకుతాయి. 1956లో పుట్టిన ఆ సంస్థ ప్రధాన కార్యాలయం మన విశాఖలోనే ఉంది. గిరిజనుల థింసా నృత్యం ఆడించుకుంటే ఆడినవాళ్లందరికీ కూలి ఇవ్వాలి, ఫొటోకి ముందు అడగాలి.

ప్రశ్న: బీచ్‌లో తాబేలు పిల్లల్ని వదలడం మా పిల్లలకు చూపించాలని ఉంది. దగ్గరికి వెళ్లనిస్తారా?
– ఒక తండ్రి, పెదవాల్తేరు

జవాబు: తాబేలు గుడ్లను కాపాడే అటవీశాఖ హేచరీ సిబ్బందిని ముందుగా అడిగి, వాళ్లు చెప్పినచోట నిలబడండి. ఆలివ్ రిడ్లే తల్లి ఒక్క గూటిలో వంద పైచిలుకు గుడ్లు పెడుతుంది, అవి పొదగడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. గుడ్డు నుంచి వచ్చిన పిల్ల వెలుతురు ఎక్కువున్న వైపే నడుస్తుంది. చీకట్లో అది సముద్రమే. మీ ఫోన్ లైటు వెలిగితే మీ వైపు తిరిగి, ఇసుకలోనే అలసిపోయి కాకులకో కుక్కలకో చిక్కుతుంది. అందుకే ఫోన్లు జేబుల్లోనే ఉండాలి. పిల్ల మెల్లగా పోతోందని ఎత్తి నీళ్లలో వేయకండి, దాన్ని నడవనివ్వండి. మీ పిల్లలు తాబేలు పిల్లల వెనకాల నిలబడాలి, ముందు కాదు. పాదం కింద పడితే అంతే.