మెంబర్‌షిప్ కట్టాక ఆన్‌లైన్ సరుకుల లాభాలు తీసేశారా? నాకు జరిగింది చెబుతాను

మీరు అడిగింది ఇది: బెంగళూరులో ఉంటూ హైదరాబాద్‌లోని అమ్మానాన్నలకు ఒక సూపర్‌మార్కెట్ యాప్ నుంచి సరుకులు పంపిస్తున్నారు, మెంబర్‌షిప్ కట్టిన కొన్ని నెలలకే ఫ్రీ డెలివరీకి కనీస బిల్లు పెంచారు, ఆన్‌లైన్ ఆర్డర్లకు పాయింట్లు ఆపేశారు, అదే షాపుకు వెళ్లి కొంటే మాత్రం పాయింట్లు ఇస్తున్నారు. డబ్బు వెనక్కి వస్తుందా, రెన్యూ చేయాలా అని.

రెన్యూ చేయకండి. కానీ మిగిలిన నెలల డబ్బు మాత్రం వదలకండి, గట్టిగా అడిగితే వచ్చే అవకాశం ఉంది. నాకు వచ్చింది.

మాది కూకట్‌పల్లిలో లిఫ్ట్ లేని బిల్డింగ్, మూడో అంతస్తు. అమ్మకు మోకాలి ఆపరేషన్ అయింది, నేను పొద్దున ఎనిమిదింటికి ఆఫీసుకు వెళ్తే రాత్రికి గానీ రాను. అందుకే ఒక సూపర్‌మార్కెట్ ఆన్‌లైన్ మెంబర్‌షిప్ తీసుకున్నాను, ఏడాదికి రూ.499. అప్పుడు చెప్పినవి మూడు: 500 దాటితే ఫ్రీ డెలివరీ, వంద రూపాయలకు ఒక పాయింట్ (పాయింట్ అంటే రూపాయి), బియ్యం బస్తా ఇంటి లోపలిదాకా తెచ్చిపెట్టడం. నిజం చెప్పాలంటే నేను డబ్బు కట్టింది ఆ మూడోదాని కోసమే. హైదరాబాద్‌లో సోనామసూరి ఎక్కువగా 26 కిలోల బస్తాల్లో దొరుకుతుంది కదా (2022 జులైలో 25 కిలోల వరకు ప్యాక్ చేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ పెట్టినప్పటి నుంచి ఈ ఒక్క కిలో పెరిగింది), అది మూడంతస్తులు మోయడం నావల్ల కాదు, అమ్మ వల్ల అసలే కాదు.

అయిదు నెలలు బాగానే నడిచింది. ఆరో నెల మొదట్లో యాప్ తెరిస్తే కనీస బిల్లు 1,000 అని ఉంది, పాయింట్లు "స్టోర్‌లో కొనుగోళ్లకు మాత్రమే" అని చిన్న అక్షరాల్లో ఉంది. బస్తా సంగతి ఎక్కడా రాయలేదు, వ్యాన్‌లో ఇద్దరు వచ్చే చోట బైక్ మీద ఒక్క అబ్బాయి వచ్చి, గేటు దగ్గర దించమని చెప్పారమ్మా అన్నాడు. ఆ అబ్బాయి మీద కోపం తెచ్చుకోవద్దని అమ్మకు చెప్పాను, మీరూ మీ వాళ్లకు చెప్పండి, ఆ నిర్ణయాలు అతని చేతిలో ఉండవు.

కూర్చుని లెక్క వేశాను. మాకు నెలకు ఒక పెద్ద ఆర్డర్ 4,500 దాకా, కూరగాయలు, పాలు, పెరుగు లాంటివి మూడు చిన్న ఆర్డర్లు, ఒక్కోటి 650. చిన్న ఆర్డర్‌కు డెలివరీ 39, హ్యాండ్లింగ్ ఛార్జ్ 10, అంటే నెలకు 147 అదనంగా. పోయిన పాయింట్లు ఇంకో 64. మొత్తం 211. మిగిలిన ఏడు నెలలకు చూసుకుంటే దాదాపు 1,500, అంటే నేను కట్టిన 499కి మూడు రెట్లు. మీరు కూడా మీ పాత బిల్లులు ముందు పెట్టుకుని ఇలా వేసుకోండి, ఊరికే "తక్కువే కదా" అనిపించేది కాగితం మీద వేరేలా కనిపిస్తుంది.

వాళ్లు ఎందుకు చేస్తున్నారో నాకు అర్థం కాక కాదు. షాపుకు వెళ్తే సరుకు వెతుక్కునేది మనం, బిల్లింగ్ దగ్గర నిలబడేది మనం, ఇంటికి మోసుకొచ్చేది మనం. ఆన్‌లైన్‌లో ఆ పనంతా జీతమిచ్చి చేయించాలి, పెట్రోలు పోయాలి, పైగా 600 రూపాయల ఆర్డర్ తేవడానికైనా 4,500 ఆర్డర్ తేవడానికైనా బండి ఖర్చు ఇంచుమించు అంతే. పప్పు ఉప్పుల మీద మిగిలేది తక్కువ. మన దగ్గరే కాదు, అమెరికాలో అమెజాన్ వాళ్ల సరుకుల సర్వీసు అమెజాన్ ఫ్రెష్ 2023 ఫిబ్రవరిలో ప్రైమ్ సభ్యులకు కూడా ఫ్రీ డెలివరీ పరిమితిని చాలా చోట్ల 35 డాలర్ల నుంచి 150కి పెంచి, ఆ ఏడాది చివర్లో 100కి దించింది. డల్లాస్‌లో ఉండే మా తమ్ముడు ఆ రోజుల్లో పక్కింటి తెలుగు వాళ్లతో కలిసి ఆర్డర్ పెట్టేవాడు. బ్రిటన్‌లో టెస్కో సూపర్‌మార్కెట్ అదే ఏడాది హోమ్ డెలివరీ కనీస బిల్లును 40 పౌండ్ల నుంచి 50కి పెంచింది. ధర పెంచుకోవడం వాళ్ల హక్కు, కాదనను. కానీ ఏడాదికి ముందే డబ్బు తీసుకుని, ఆ ఏడాది మధ్యలో మాట మార్చడం మాత్రం తప్పు. పెంచేదేదో నా గడువు అయ్యాక, రెన్యూవల్ అప్పుడు చెప్పాలి, అప్పుడు ఉండాలో వద్దో నేను తేల్చుకుంటాను.

నేను చేసింది చెబుతాను. ముందు యాప్ చాట్‌లో అడిగితే "షరతులు ఎప్పుడైనా మార్చవచ్చని నిబంధనల్లో ఉంది" అని ఒకటే సమాధానం మూడుసార్లు వచ్చింది. చాట్‌లో ఇంక సమయం పోగొట్టుకోలేదు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఇలాంటి ప్రతి సంస్థకూ గ్రీవెన్స్ ఆఫీసర్ (ఫిర్యాదులు చూసే అధికారి) ఉండాలి, ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ఆ అధికారి పేరు, మెయిల్ వెబ్‌సైట్ అడుగున దొరుకుతాయి. మెంబర్‌షిప్ కొన్న రోజు వచ్చిన మెయిల్, అందులో రాసిన మూడు లాభాలు, ఇప్పటి పేజీ స్క్రీన్‌షాట్, ఛార్జీలు పడిన రెండు బిల్లులు జతచేసి పంపాను. కోపంగా ఏమీ రాయలేదు, "మిగిలిన ఏడు నెలలకు పాత లాభాలు ఇవ్వండి, లేదా ఏడు నెలల డబ్బు తిరిగి ఇవ్వండి" అని రెండు ముక్కలు. రెండో రోజు అందిందన్నారు. పది రోజులకు వంద రూపాయల కూపన్ ఇస్తామన్నారు, అది కూడా వెయ్యి దాటిన ఆర్డర్ మీదే. వద్దని రాసి, 1915కి ఫోన్ చేశాను, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడతారు. వాళ్లు ఫిర్యాదు రాసుకుని సంస్థకు పంపారు. మూడు వారాల్లో 499లో ఏడు నెలల వాటా రూ.291 నా ఖాతాలో పడింది. అప్పటికే కట్టిన రెండు డెలివరీల 98 మాత్రం ఇవ్వలేదు, అది నేను కూడా ఇంక పట్టుకోలేదు.

1915తో పని కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 5 లక్షల లోపు విషయానికి ఫీజు లేదు, 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మీరు ఉండే ఊళ్లోనే వేయవచ్చు, అంటే బెంగళూరులోనే. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్ నుంచి కూడా వేసుకోవచ్చు. అయితే మూడొందల కోసం అక్కడిదాకా వెళ్లాలా అన్నది మీ ఓపిక.

ఇంకొకటి, ఇది ఈ రోజే చూసుకోండి. మెంబర్‌షిప్ కొన్నప్పుడు యూపీఐ ఆటోపేకు ఒప్పుకుని ఉంటారు, చాలామందికి గుర్తుండదు. మీ యూపీఐ యాప్‌లో మాండేట్ల దగ్గరకు వెళ్లి దాన్ని రద్దు చేయండి, లేకపోతే గడువు రోజున దానంతట అదే రెన్యూ అవుతుంది. అలాగే పే చేసే ముందు బుట్ట మొత్తం చదవండి. అడగకుండా ఏదో చేర్చడం, చివరి పేజీలో ఛార్జీలు బయటపెట్టడం, ఈ రెండూ 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ (సీసీపీఏ) ప్రకటించిన 13 డార్క్ ప్యాటర్న్‌ల (కొనేవాళ్లను తప్పుదారి పట్టించే యాప్ ఎత్తుగడల) జాబితాలో ఉన్నాయి, వాటిమీద కూడా 1915కి చెప్పవచ్చు.

ఇప్పుడు మేమెలా తెచ్చుకుంటున్నామంటే, బియ్యం, నూనె, పప్పులు మా వీధి చివర కిరాణా షాపులో. వాట్సాప్‌లో చీటీ పంపితే సాయంత్రానికి అబ్బాయి ఎక్సెల్ బండి మీద తెచ్చి బస్తా వంటింట్లో పెట్టి వెళ్తాడు, డెలివరీకి ఏమీ తీసుకోరు. కొన్ని సరుకులు యాప్ కంటే రెండు మూడు రూపాయలు ఎక్కువే, మినపగుళ్లు మాత్రం అక్కడే బాగుంటాయి. కూరగాయలు ఆదివారం రైతుబజార్‌లో నేనే తెస్తాను. సబ్బులు, సర్ఫ్, బిస్కెట్లు లాంటివి నెలకొకసారి వెయ్యి దాటేలా ఆన్‌లైన్‌లో పెడతాను, మెంబర్‌షిప్ లేకుండానే. నూనె ప్యాకెట్లు ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు గ్రాములు చూడండి, లీటరంటే 910 గ్రాములు, ఫొటోలో అలాగే కనిపించే 800, 850 గ్రాముల ప్యాకెట్లూ ఉన్నాయి.

మీ విషయంలో మీరు దూరంగా ఉన్నారు కాబట్టి, ఈసారి ఇంటికి వచ్చినప్పుడు ఒక గంట కేటాయించి అమ్మానాన్నల వీధిలోని కిరాణా ఆయనతో మాట్లాడి రండి. చీటీ మీరే బెంగళూరు నుంచి పంపుతానని, డబ్బు ఫోన్‌పేలో వేస్తానని చెప్పండి, చాలామంది ఒప్పుకుంటారు, మా పై అంతస్తు వాళ్ల అబ్బాయి పూణే నుంచి అలాగే చేస్తున్నాడు. ఆ లోపు గ్రీవెన్స్ ఆఫీసర్‌కు మెయిల్ పెట్టేయండి, స్క్రీన్‌షాట్ తీసుకోకపోయినా మెంబర్‌షిప్ కొన్న రోజు వచ్చిన మెయిల్ ఇన్‌బాక్స్‌లో వెతికితే దొరుకుతుంది.