నాన్నగారికి పెంఫిగస్ అన్నారు, ప్రాణానికి ముప్పా? ఏ ఆసుపత్రిలో చేర్చాలి?

మీ నాన్నగారికి 58 ఏళ్ళు, పెంఫిగస్ వల్గారిస్ (నోట్లో, ఒంటి మీద పొక్కులు లేచి పుండ్లయ్యే జబ్బు) అని తేలింది, బతుకుతారా, హైదరాబాద్‌లో పెద్ద ఆసుపత్రికే తీసుకెళ్ళాలా అని అడిగారు. నేను డాక్టర్ని కాదు. మా అమ్మకి ఇదే జబ్బు వస్తే 23 రోజులు వార్డులో ఆమె మంచం పక్కన కూర్చున్నవాణ్ణి, అంతే.

మాకు నోటితో మొదలైంది. నోరు పూసింది, వేడి చేసి ఉంటుందిలే అనుకున్నాం. బీ కాంప్లెక్స్ మాత్రలు, పళ్ళ డాక్టరు, నోట్లో రాసుకునే జెల్లు, ఇలా 7 నెలలు పోయాయి. పల్నాటి మనిషి అన్నేసి రోజులు కారం లేకుండా చప్పిడి మజ్జిగన్నం తింటోందంటే ఎంత మంటో మాకు అప్పుడే తట్టి ఉండాల్సింది. తర్వాత వీపు మీద, చంకల్లో నీటి పొక్కులు లేచి, పగిలి పచ్చి పుండ్లయ్యాయి. అమ్మవారు పోసిందని వేపమండలు తెచ్చిన చుట్టాలూ ఉన్నారు. చివరికి బయాప్సీ (చర్మం ముక్క తీసి చూడడం), దాంతోపాటు ఆ చర్మంలో యాంటీబాడీలు ఉన్నాయేమో చూసే డీఐఎఫ్ అనే పరీక్ష చేస్తే బయటపడింది. మన ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలే చర్మకణాల్ని ఒకదానికొకటి పట్టి ఉంచే డెస్మోగ్లీన్ అనే ప్రొటీన్ మీద పడతాయట, అందుకే పైపొర పట్టు వదిలేస్తుంది. ఇది అంటువ్యాధి కాదు. పక్క మంచాల వాళ్ళకి ఈ మాట ఎన్నిసార్లు చెప్పానో.

ఇక ప్రాణం సంగతి. 1950లలో స్టెరాయిడ్లు రాకముందు ఈ జబ్బు వచ్చినవాళ్ళలో ఎక్కువమంది చనిపోయేవాళ్ళు. ఇప్పుడు మందులు సరిగ్గా వాడితే చాలామంది బతికి బయటపడుతున్నారు. భయపడాల్సింది ఇన్ఫెక్షన్‌కి: చర్మం ఊడిన చోటు నుంచి క్రిములు రక్తంలోకి పోతాయి, పైగా స్టెరాయిడ్ల వల్ల ఒంట్లో తట్టుకునే శక్తి తగ్గి ఉంటుంది. అందుకే నన్నడిగితే ఆసుపత్రి పేరు కంటే ముందు అక్కడి నర్సింగ్ చూడండి.

మేం మొదట చేరిన చోట (పేరు చెప్పను, అద్దాల బిల్డింగే) సెలైన్ సూది నిలవడానికి మణికట్టు చుట్టూ ప్లాస్టర్ వేశారు, తీసేటప్పుడు దాంతో పాటే చర్మం లేచి వచ్చింది. అమ్మ అరిచిన అరుపు ఇప్పటికీ చెవుల్లో ఉంది. అక్కడినుంచి ఒక ప్రభుత్వ ఆసుపత్రి చర్మ విభాగానికి మార్చాం. గోడలు పెచ్చులూడుతున్నాయి, ఫ్యాను తిరిగితే తిరిగినట్టు. కానీ ఆ సిస్టరు ఒంటికి ప్లాస్టరే తగలనివ్వలేదు, సూదిని మెత్తటి గుడ్డ చుట్టి కట్టింది, బీపీ కూడా చీర కొంగు మీదనుంచే చూసింది. దుప్పటి పుండ్లకి అంటుకోకుండా మంచం మీద కడిగిన అరిటాకులు పరిచింది. రోజూ పొద్దున లేత గులాబీ రంగులో పొటాషియం పర్మాంగనేట్ నీళ్ళతో తుడవడం, వాజెలిన్ పూసిన పల్చటి గాజ్ గుడ్డ వేయడం, జ్వరం, షుగర్ చూసి రాసుకోవడం. పదో రోజుకి కొత్త పొక్కులు ఆగాయి.

మందుల్లో స్టెరాయిడ్‌తో పాటు రిటుక్సిమాబ్ (ఆ యాంటీబాడీల తయారీని తగ్గించే ఇంజెక్షన్) గురించి డాక్టర్ని అడగండి. 2017లో వచ్చిన ఫ్రెంచ్ అధ్యయనంలో 90 మందిని చూశారు. రెండేళ్ళ తర్వాత, మొదట్లోనే ఇది ఇచ్చినవాళ్ళలో 89 శాతం మంది ఏ మందూ లేకుండా బాగున్నారు, స్టెరాయిడ్ ఒక్కటే ఇచ్చినవాళ్ళలో 34 శాతమే. హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ 2007 నుంచే దీన్ని ఇక్కడ తయారుచేస్తోంది. ఇచ్చేముందు హెపటైటిస్ బీ, టీబీ పరీక్షలు తప్పనిసరి. ఆరోగ్యశ్రీలో ఏదేది వస్తుందో చేరేముందే ఆరోగ్యమిత్రని అడగండి, డిశ్చార్జి రోజు కాదు.

మేం చేసిన పెద్ద తప్పు ఇంటికొచ్చాక జరిగింది. స్టెరాయిడ్లు కిడ్నీలు పాడుచేస్తాయని ఎవరో అంటే అమ్మ మాకు చెప్పకుండా మాత్రలు ఒక్కసారిగా మానేసి పసరు మందు మొదలుపెట్టింది. నెల తిరక్కుండానే కళ్ళు తిరిగి పడిపోయింది, పొక్కులు మళ్ళీ లేచాయి. డోసు డాక్టరే మెల్లగా తగ్గించాలి, ఈలోగా ఎముకలకి కాల్షియం, షుగర్ మీద కన్ను. మాత్రల డబ్బా మీ దగ్గరే పెట్టుకోండి, నాన్నగారు ఏమన్నా అనుకోనీ.

అమ్మకి ఇప్పుడు నల్ల మచ్చలు మిగిలాయి, ఆవకాయ తింటోంది. మీ రిపోర్టులో డీఐఎఫ్ చేసినట్టు ఉందా? లేకపోతే చేర్చేముందే ఆ మాట డాక్టర్ని అడగండి.